అంచు వంతు

ఆ సాయంకాలం ధవళగిరి కనుమను చూసినవాడెవడైనా ముందు చేతులెత్తి మొక్కుతాడు, ఆ తరువాత వెనక్కి తిరిగి పరుగందుకుంటాడు. కుంకుతున్న సూర్యుడు మంచు శిఖరాల మీద కెంపులూ పుష్యరాగాలూ గుమ్మరించాడు. గడ్డకట్టిన జలపాతాలు స్ఫటిక స్తంభాలై నిలిచాయి. దేవదారు వృక్షాలు తెల్లని శాలువలు కప్పుకొని సభ తీర్చాయి. వాటి నడుమ గాలి ఒక్కటే, తలుపు తీయమని అడిగే పరదేశిలా, రాయి రాయినీ తట్టుకుంటూ తిరుగుతోంది. వర్ణించడానికి బాగానే ఉంది లెండి. అక్కడ ఆరుబయట పడుకోవలసి వస్తే మాత్రం కవిత్వం అరక్షణంలో వదిలిపోతుంది.

ఆ రాత్రి అక్కడ పడుకోవలసినవాళ్లు నలుగురు. ముందు నడుస్తున్న ముసలివాడు బీరయ్య. గొర్రెల కాపరి, డెబ్బై ఏళ్లు దాటినవాడు, ఆ కనుమ తనకు ఇంటి వాకిలి అన్నట్టు నడుస్తాడు. వెనుక అతని కూతురు ఐలవ్వ. ఆమె నోటికి కొండగాలి కూడా కాస్త జంకుతుంది. ఆమె మొగుడు కొమరయ్య, పది మాటలకు ఒక్క మాట బదులిచ్చే మనిషి. అందరికీ వెనుక రొప్పుతూ వస్తున్నవాడు కేతయ్య, ఉన్ని వర్తకుడి దగ్గర పనివాడు. అంటే, ఆ ముగ్గురికీ తెలిసినంత వరకు. నిజానికి వాడు పనివాడూ కాడు, కేతయ్యా కాడు. సువర్ణకూట రాజ్యానికి యువరాజు ఉదయకేతు.

మాంత్రికుడు తుహినాక్షుడు ఇతని తండ్రి ఒంట్లోని వెచ్చదనాన్ని దొంగిలించి, రాగి భరిణెలో పెట్టి, కనుమకు అవతల తన కోటలో దాచాడు. రాజుగారు హంసతూలికా తల్పం మీద పది దుప్పట్ల కింద మంచుముద్దలా పడి ఉన్నారు. అమావాస్యలోగా భరిణె రాకపోతే ఆయన ఇక కళ్లు తెరవరు. ఇంకా ఐదు రోజులే గడువు. మాంత్రికుడి వేగుల కళ్లు కప్పడానికి యువరాజు వేషం మార్చి కాపరుల గుడిసెకు వచ్చాడు. "మా యజమాని మంచం పట్టాడు తాతా, కనుమ అవతల మందు ఉందట, దాటించు" అంటే, బీరయ్య మరో ప్రశ్న వేయకుండా గొంగళ్లు భుజాన వేసుకొని బయలుదేరాడు.

ఒక బండ చాటున మూట దించారు. యువరాజు చలాకీగా ముందుకొచ్చి, ఒక్క గొంగడి నేల మీద పరిచి, మిగిలినవన్నీ పైన కప్పుకోవడానికి పేర్చాడు. ఐలవ్వ చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం పనోడివి తమ్మీ నువ్వు? ఎన్నడన్న బయట పండుకున్నవా?"

"పడుకున్నానక్కా," అన్నాడు యువరాజు. వనవిహారాల్లో పట్టుడేరాలో పడుకున్న మాట నిజమే కదా!

"పండుకున్న మొఖమేనా ఇది? చలి పైనుంచి రాదు, కింద నేల గుంజుకుంటది మనిషిని. కింద మందంగుండాలె. పో, ఆ ఎండుగడ్డి కోసుకరా. నువ్వు వణికితే నాకేం గాదు, నా పక్కన పండుకొని నన్ను వణికిస్తవ్ గదా, గది నాకు బాధ."

మోకాటి ఎత్తు గడ్డి పరిచారు, దాని మీద మూడు గొంగళ్లు వేశారు. పైన కప్పుకోవడానికి రెండింటిని దబ్బనంతో కుట్టి ఒకటిగా చేశారు. నేతిలో తడిపిన జొన్నరొట్టె తలా ఒకటి తిన్నారు. యువరాజు ముఖం మీదికి గొంగడి లాక్కోబోతే ఐలవ్వ మళ్లీ అందుకుంది: "ముక్కు బయట పెట్టు. ఊపిరి తడికి గొంగడి నానిందంటే పొద్దుగాలకు కట్టెలెక్క అయితది."

అప్పుడు బీరయ్య గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, నీకు అంచు వంతు సంగతి చెప్పాలె. నలుగురం ఒక్క వరసల పండుకుంటం. గాలి వచ్చే దిక్కు ఉన్నోడు అంచోడు. వాడు పండుకోడు. కూసోని గొంగడి అంచు రెండు చేతులతోని నేలకు అదిమిపట్టాలె. లేకుంటే గాలి లోపట జొర్రి అందరినీ తింటది. ఒక పిడక కాలి బూడిదయ్యేదాంక ఒకని వంతు. దిగేటోడు తర్వాతోన్ని లేపి, నిప్పు దాకల కొత్త పిడక పెట్టి, వాని జాగల పండుకుంటడు. ముందు కొమరయ్య, తర్వాత నువ్వు, తర్వాత నేను, తర్వాత ఐలవ్వ."

"అలాగే తాతా."

"ఇంకోటి. ఈ కనుమల వణుకులమ్మ తిరుగుతది. మాంత్రికుని పెంపుడు దయ్యం. గొంగడి కింద ఉన్నోళ్లను ముట్టలేదు. అంచోన్ని అడుగుతది, 'అంచున ఎవరు? వంతు ఎవరిది?' అని. వంతు ఉన్నోడు పేరు చెప్తే పోతది. వంతు కానోడు చెప్పిండనుకో, వాడు దానికి దొరికినట్టే."

యువరాజు లోలోపల నవ్వుకున్నాడు. రాజగురువు దగ్గర పద్నాలుగు విద్యలు నేర్చినవాడు గొర్రెల కాపరుల దయ్యాన్ని నమ్ముతాడా!

కొమరయ్య వంతు గడిచింది. అతను యువరాజును లేపి, దాకలో కొత్త పిడక పెట్టి, గొంగడి కిందికి దూరిపోయాడు. ఉదయకేతు అంచున కూర్చొని గొంగడిని రెండు చేతులా అదిమాడు. అంతే, గాలి వచ్చి వేళ్లను కొరికింది. పిడక కాలుతోంది. కాస్త కాలింది. మళ్లీ చూశాడు, అంతే ఉంది. పళ్లు టకటకలాడాయి. చెవులు ఉన్నాయో ఊడిపోయాయో తెలియలేదు. ఇంకోసారి చూశాడు. సగం కూడా కాలలేదు మహానుభావురాలు!

అప్పుడు యువరాజుకు రాజ్యం గుర్తుకొచ్చింది. 'నా ప్రాణం నా ఒక్కడిదా? నేనిక్కడ బిగుసుకుపోతే నాన్నగారి గతేమిటి? ప్రజల గతేమిటి? ఈ ముసలాయన చలికి అలవాటుపడ్డ మనిషి.' ఎంత గొప్ప కారణమో చూశారా? దొంగపని చేసేటప్పుడు మాత్రం ఇంత చక్కని కారణాలు ఎక్కడినుంచి ఊడిపడతాయో నాకు తెలియదు. పిడకను రెండుగా విరిచి, కాలని సగాన్ని లోయలోకి విసిరేశాడు. మిగిలిన ముక్కను ఊది ఊది బూడిద చేశాడు. బీరయ్య భుజం తట్టాడు.

ముసలాయన కళ్లు నులుముకుంటూ లేచాడు. దాకలో బూడిద చూశాడు. "అయిందా బిడ్డా? పో, నా తావుల పండుకో, నా ఒంటి వేడి ఇంకా ఉంది అక్కడ."

ఉదయకేతు ఆ వెచ్చని తావులోకి దూరాడు. ఒక పక్క ఐలవ్వ, ఒక పక్క కొమరయ్య, నడుమ తను. అబ్బ, హంసతూలిక ఎందుకు పనికొస్తుంది దీని ముందు! కళ్లు మూతలు పడుతుండగా ఎక్కడో సన్నని ఆడగొంతు వినిపించింది. "అంచున ఎవరు? వంతు ఎవరిది?"

"బీరయ్యను. వంతు నాదే," అన్నాడు ముసలాయన.

ఏదో పకపకా నవ్వింది. యువరాజు అది కలేననుకొని నిద్రపోయాడు.

తెల్లవారి ఐలవ్వ పెట్టిన కేకకు యువరాజూ కొమరయ్యా లేచారు. బీరయ్య అంచునే ఉన్నాడు, గొంగడిని అదిమిపట్టుకొనే ఉన్నాడు. ఎవరినీ లేపలేదు, లేపడానికి చేతులు రాలేదు. మణికట్ల నుంచి కిందికి రెండు చేతులూ పాలరాతితో చెక్కినట్టు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ముట్టుకుంటే ముసలాయనకు తెలియడం లేదు.

యువరాజు ముందుకు దూకాడు. "నిప్పు! నిప్పు దగ్గర పెడదాం!" అంటూ ఆ చేతులు పట్టుకొని దాక దగ్గరికి లాగాడు. ఐలవ్వ ఒక్క తోపు తోసింది.

"కాల్చి చంపుతవా? మొద్దువారిన చేతికి కాలేది తెలుస్తదా? రుద్దొద్దు, నిప్పుకు పెట్టొద్దు. ఒంటి వేడి ఒక్కటే మందు."

కొమరయ్య అప్పటికే అంగీ విప్పాడు. ఆ రెండు మంచు చేతులనూ తన ఒట్టి పొట్ట మీద పెట్టుకొని, పైన గొంగడి చుట్టుకొని, పళ్లు బిగపట్టి కూర్చున్నాడు.

"వణుకులమ్మ వచ్చింది," అన్నాడు బీరయ్య మెల్లగా. "నా పేరు చెప్పిన. వంతు నాదే అన్న. అయినా పట్టింది."

ఐలవ్వ ముఖం మారిపోయింది. "అంటే నీ వంతు కాదన్నట్టు. నిన్ను ముందుగాలే లేపిండ్రు. పిడక చిన్నదైంది!" గిరుక్కున మొగుడివైపు తిరిగింది. "తమ్మికి పిడక పెట్టింది నువ్వే గదా! నిద్రకండ్లతోని ఏ తునక పెట్టినవయ్యా?"

కొమరయ్య ఆలోచించాడు. మామ చేతులు పొట్ట మీద అలాగే ఉన్నాయి. "చీకటి ఉండె," అన్నాడు. "నేనే చిన్నది పెట్టిన్నేమో."

ఉదయకేతు నోరు తెరిచాడు. 'కాదు బావా' అనే మాట పెదవి దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. 'ఇప్పుడు చెబితే వీళ్లు నన్ను ఇక్కడే వదిలేసిపోతారు, భరిణె సంగతి...' మళ్లీ అదే గొప్ప కారణం! నోరు మూసుకున్నాడు. చెవులు మాత్రం కాలిపోతున్నాయి. ఆ చలిలో అతని ఒంట్లో వెచ్చగా ఉన్నవి ఆ రెండు చెవులే.

మధ్యాహ్నానికి పాతాళపు చీలిక చేరారు. ఈ గట్టుకూ ఆ గట్టుకూ మధ్య ఉన్నితాడు ఒక్కటే. కింద నీలిరంగు మంచు, అడుగు కనబడదు. కొమరయ్య దాటాడు, ఐలవ్వ దాటింది. బీరయ్య మోచేతులు తాడుకు మెలివేసి, చేతులు లేకుండానే పాకుతూ సగం దాకా వెళ్లాడు. అప్పుడు కూశాయి మంచుగద్దలు! తెల్లని రెక్కలు, గాజు గోళ్లు, మాంత్రికుడి కాపలాపక్షులు మూడు నిట్టనిలువునా దిగాయి. ఒకటి తాడును కొట్టింది. బీరయ్య జారాడు. పట్టుకోవడానికి వేళ్లు ముడవలేక, ఒక్క మోచేతి మీద గాలిలో వేలాడాడు.

ఉదయకేతు తాడు మీదికి దూకాడు. కాళ్లు మెలివేసి, తలకిందులుగా పాకుతూ, వీపున కట్టుకున్న దోటికర్రతో మొదటి గద్ద మెడ విరిచాడు. రెండోది భుజాన్ని చీల్చింది. దాని రెక్క పట్టి మూడోదాని మీదికి విసిరాడు, రెండూ పగిలి గాజుపెంకుల్లా లోయలోకి రాలాయి. ముసలాయన నడుం పట్టుకొని, ఎద మీదికి లాక్కొని, నెత్తురు కారుతుండగా అవతలి గట్టుకు చేరి కూలబడ్డాడు.

బీరయ్య వాడిపోయిన చేతులను అతని తల మీద పెట్టాడు. ఆ చేతులకు స్పర్శ లేదు, అయినా పెట్టాడు. "నువ్వు లేకుంటే ఈ పొద్దు పోయేటోన్ని బిడ్డా. నీ కడుపు సల్లగుండ."

ఆ దీవెన విని యువరాజు తల ఎత్తలేకపోయాడు. భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండుననిపించింది. గద్ద గోరు దిగిన భుజం నొప్పి అసలు తెలియలేదంటే నమ్మండి.

సాయంత్రం మళ్లీ గడ్డి కోశారు, మళ్లీ గొంగళ్లు పరిచారు. బీరయ్య అల్లుడిని దగ్గరికి పిలిచాడు.

"కొమరయ్యా, కట్టుబాటు నీకు తెల్సు. వంతు చెడగొట్టినోనికి అంచు లేదు. నడిమి తావే. నీకే గాదు, నా కొడుకైనా ఇంతే."

నడిమి తావు పసిపిల్లలకు, బాలింతలకు, రోగులకు ఇచ్చేది. గట్టి మగవాడిని అక్కడ పడుకోబెట్టారంటే, వాడిని మనిషిగా లెక్కలోంచి తీసేసినట్టే. గుడిసెల్లో ఆ మాట జీవితాంతం వెంటాడుతుంది. కొమరయ్య తల వంచుకున్నాడు. "సరే మామా," అన్నాడు. గొంగడి ఎత్తి నడిమి తావులోకి పోబోతూ ముఖం అవతలికి తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఐలవ్వ అంతసేపు అరిచిన మనిషి, ఇప్పుడు చూడలేక దబ్బనంలో దారం ఎక్కిస్తున్నట్టు నటించింది.

"బావా, ఆగు!" అన్నాడు ఉదయకేతు. "పిడక చిన్నది కాదు. నువ్వు పెద్దదే పెట్టావు. నేనే విరిచి సగం లోయలో పారేశాను. చలికి ఓర్చుకోలేక తాతను దొంగతనంగా లేపాను."

కొమరయ్య తిరిగి చూశాడు. "నువ్వా?" అన్నాడు, అంతే.

"నేనే. ఇంకోటి కూడా చెబుతాను. నేను కేతయ్యను కాను. సువర్ణకూట యువరాజును, ఉదయకేతును. మా నాన్నగారి ప్రాణం కోసం వచ్చాను. అందుకే..."

"ఏందీ, రాజు కొడుకువా?" ఐలవ్వ లేచింది. "అయితే ఏంది? రాజు కొడుకుకు వేరే చలి ఉంటదా? నీ నాయినది ప్రాణం, నా నాయినది ప్రాణం కాదా? థూ!"

ఆమె కొడుతుందేమోనని యువరాజు ఎదురుచూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు. కొట్టలేదు.

బీరయ్య అతని వైపు తిరిగాడు. "చేతులు పోతే పోయినయ్ బిడ్డా, ముసలి చేతులే. పొద్దుగాల ఎందుకు చెప్పలే? వీన్ని పొద్దంత దొంగను చేస్తివి. వీడు తన పొట్ట మీద నా చేతులు పెట్టుకొని కూసున్నడు, నువ్వు ఎదురుంగనే ఉంటివి."

ఉదయకేతు కళ్లనుంచి నీళ్లు జారి గడ్డం మీదే పేరుకున్నాయి.

"నడుమ పండుకో," అన్నాడు బీరయ్య. కోపంగా కూడా అనలేదు, జ్వరం వచ్చిన పిల్లవాడితో అన్నట్టు అన్నాడు.

పడుకున్నాడు. ఒక పక్క నుంచి బీరయ్య ఒంటి వేడి, ఒక పక్క నుంచి ఐలవ్వ ఒంటి వేడి. ఎక్కడా చలి లేదు. ఆ వెచ్చదనం ఒంటికి ముళ్లలా గుచ్చుకుంటుంటే, కదిలితే వాళ్లకు నిద్ర చెడుతుందని ఊపిరి బిగబట్టి పడి ఉన్నాడు. కొమరయ్య వంతు అయింది. యువరాజు వంతు కొమరయ్యే కాశాడు, 'వాని బదులు నేను, అందరి ఎదుట ఒప్పుకొని' అని పైకి చెప్పి మరీ కాశాడు. ఆ తరువాత బీరయ్య వంతు. ఐలవ్వ వద్దని ఎంత పోరినా ముసలాయన వినలేదు. "నా వంతు నాదే. చేతులు లేకుంటే మోచేతులున్నయ్," అని ఉన్ని చుట్టిన మోచేతులతో గొంగడి అంచు అదిమి కూర్చున్నాడు.

గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. దేవదారుల మీది మంచు సన్నగా జల్లుమంది. చీకట్లోంచి తెల్లని ఆడమనిషి వచ్చి నిలిచింది. జుట్టు నేల దాకా మంచుపోగులు, కళ్ల స్థానంలో రెండు నీలి దీపాలు, నడిస్తే అడుగు కింద రాయి చిట్లుతోంది.

"అంచున ఎవరు? వంతు ఎవరిది?"

"బీరయ్యను. వంతు నాదే," అన్నాడు ముసలాయన నిబ్బరంగా. ఈసారి అది అక్షరాలా నిజం.

వణుకులమ్మ తల పక్కకు వాల్చింది. "నిన్న కూడా ఇదే మాట అన్నవ్. నిన్న అది అబద్ధమాయె. ఇయ్యాల నిన్ను ఎట్ల నమ్మాలె బీరయ్యా?"

డెబ్బై ఏళ్లలో ఒక్కనాడు అబద్ధమాడని మనిషి. మోచేతులతో అంచును ఇంకా గట్టిగా అదిమాడు.

"నిన్నటి అబద్ధం నాది!" ఉదయకేతు గొంగడి చించుకొని లేచి అరిచాడు. "ఆయనది కాదు! నన్ను పట్టుకో! నా పేరు ఉదయకేతు! నేను సువర్ణకూట..."

ఆ నీలి దీపాలు అతని మీదికి తిరగనైనా తిరగలేదు. "నడుమ పండుకున్నోని మాట నాకు లెక్కలేదు," అంది వణుకులమ్మ. రెండు తెల్లని చేతులు ముసలాయన నడుం చుట్టుకున్నాయి. ఉదయకేతు దూకాడు, బీరయ్య పాదం అందింది, పట్టుకున్నాడు. పాదం గడ్డకట్టిన చేపలా జారి చేతిలోంచి పోయింది. తెల్లని సుడిగాలి శిఖరం వైపు, మాంత్రికుడి కోట వైపు లేచింది. అందులోంచి ముసలాయన గొంతు వినిపించింది. అది కాపాడమని కేక కాదు.

"ఐలవ్వా! అంచు ఖాళీ అయింది, గాలి జొరబడుతది, అదిమిపట్టుండ్రి!"

ఉదయకేతు ఆ గొంతు వెంట పరుగెత్తబోయాడు. కాళ్లకు చెప్పులు లేవు. నాలుగు అడుగులు వేసేసరికి ఐలవ్వ జుట్టు పట్టుకొని వెనక్కి లాగి మంచులో కూలేసింది.

"ఉత్త కాళ్లతోని ఎంత దూరం పోతవ్? నువ్వు గడ్డకట్టి చస్తే నా నాయినను ఎవరు తెస్తరు? చెప్పులు తొడుక్కో!"

తొడుక్కోబోయాడు. పట్టీల ముడి పడడం లేదు, పైన ఆ గొంతు దూరమవుతోంది. ఐలవ్వ అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ, కళ్లనీళ్లు తుడుచుకోకుండా, యువరాజు పాదాలను తన ఒళ్లోకి లాక్కొని తోలుపట్టీలు బిగించి కట్టసాగింది.